లెవెల్ 1 చిన్నది, టైప్ 1 పెద్దది

ప్రశ్న: కిందటేడాది హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్‌తో మాట్లాడే హాబీ) రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష పాసయ్యాను. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో నా గుర్తింపు కోడ్, వచ్చింది. టెక్సాస్‌లో ఉండే మా బావగారూ హామే. తాను ‘ఏరీస్ లెవెల్ 2’ అంటారు, వాళ్ల సామాన్లను టైప్ 1, టైప్ 3 అని లెక్కగడతారట. రేపు మూసీ పొంగితే సాయానికి వెళ్లాలంటే నాకూ అలాంటి లెవెల్ కావాలా?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అక్కర్లేదమ్మా. ముందు బావగారి లెక్క తేల్చేద్దాం. ఏరీస్ అంటే అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ నడిపే వాలంటీర్ల దళం. లెవెల్ 1 కొత్తగా చేరినవాళ్లది, లెవెల్ 3 నాయకత్వం తీసుకోగలవాళ్లది. మధ్య మెట్టుకి సంఘం కోర్సుతోపాటు అక్కడి విపత్తుల సంస్థ ఫెమా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన ఐఎస్-100, 200, 700, 800 కోర్సులు పూర్తిచేయాలి. వాటిలో రేడియో ముచ్చట తక్కువ. ప్రమాదం జరిగిన చోట ఎవరు ఎవరి మాట వినాలన్నదే ఎక్కువ. నన్నడిగితే అసలు చదువు అదే. ‘నువ్విక్కడే కూర్చో’ అంటే కూర్చోవడం మన హామ్‌లలో చాలామందికి చేతకాదు.

టైపుల లెక్క దీనికి తలకిందులు. ఫెమా పద్ధతిలో టైప్ 1 అన్నిటికంటే పెద్దది, అంకె పెరిగేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది. ఉత్తినే ‘జనరేటర్ పంపండి’ అంటే స్కూటర్ మీద పట్టేది రావచ్చు, లారీలో పట్టేది రావచ్చు. టైప్ చెబితే ఆ టెన్షన్ ఉండదు.

మన దగ్గర కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్సులో రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్లు. జనరల్‌కు చుక్కలు, గీతల మోర్స్ కోడ్ కూడా రావాలి. ఏ గ్రేడైనా మీరు గాల్లోకి ఏం పంపొచ్చో చెబుతుంది గానీ, వరదలో పనికొస్తారో లేదో చెప్పదు. మైకు దొరికితే వదలని వీయూ2 (జనరల్ గ్రేడ్) మహానుభావులు నాకు బాగా తెలుసు! పనికొచ్చేది సిద్ధంగా ఉండటం. 2004 డిసెంబర్‌లో మన సోమాజిగూడలోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం హామ్ స్టేషన్ నడపడానికి అండమాన్ వెళ్లి ఉంది. సునామీ వచ్చింది. ఆ సెట్లే పోర్ట్‌బ్లెయిర్ నుంచి కబుర్లు మోశాయి.

మీరు చేయాల్సింది ఇది. ఓ కాగితం మీద ఎవరికి, ఎవరి నుంచి, తేదీ, 24 గంటల లెక్కలో టైమ్, ఆ కింద సందేశం రాయండి. ‘టోలిచౌకి నదీమ్ కాలనీ, 15 మంది, ఇన్సులిన్ కావాలి’ అనుకోండి. రేడియోలో ఫిఫ్టీన్ కాస్తా ఫిఫ్టీగా వినబడుతుంది, అందుకే ‘వన్ ఫైవ్’ అనాలి. ఇన్సులిన్‌ను ‘ఐ’కి ఇండియా, ‘ఎన్’కి నవంబర్, ‘ఎస్’కి సియెర్రా... అంటూ ఇంగ్లిష్ అక్షరం అక్షరం చెప్పాలి. అవతలివాళ్లు మొత్తం తిరిగి చదివి వినిపించేదాకా సందేశం చేరినట్టు కాదు. వారానికోసారి ఇంకో హామ్‌తో ఇలా సాధన చేయండి.

మీ టైప్ కూడా మీరే రాసిపెట్టుకోండి: ఎన్ని వాట్ల సెట్, స్పేర్ బ్యాటరీ ఉందా, మేడ మీద నుంచి ఎక్కడిదాకా వినబడుతోంది, అపార్ట్‌మెంట్ పార్కింగ్ నుంచి ఎక్కడిదాకా. రెండింటికీ బోలెడు తేడా ఉంటుంది, చూడండి. ఆ కాగితం మీ క్లబ్బులో ఇవ్వండి. పిలవకుండా మాత్రం సెట్టు పట్టుకుని చాదర్‌ఘాట్ వంతెన దగ్గరికి వెళ్లకండి, పోలీసులకు మీరొక అదనపు పని.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న హామ్ హ్యాండ్‌సెట్‌తో లైసెన్సు లేకుండా సాయం చేయొచ్చా? మా అబ్బాయికి 14 ఏళ్లు, వాడికీ ఆసక్తే.
- ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: కుదరదు. మాట్లాడటం సంగతి తర్వాత, ఆ సెట్టు ఇంట్లో ఉంచుకోవడానికే లైసెన్సు కావాలి. పరీక్షకు 12 ఏళ్లు నిండితే చాలు. తండ్రీకొడుకులు కలిసే రాయండి. వాడే ముందు పాసవుతాడు.