పాత మేట్యాగ్ కాయిన్ వాషింగ్ మెషీన్‌ను ఇంటికి తెచ్చుకోవచ్చా? నాణేల పెట్టె తీసేయాలా?

మీ వీధిలోని లాండ్రోమాట్ (నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే దుకాణం) మూతపడుతోందనీ, మూలన పడి ఉన్న రెండు పాత మేట్యాగ్ కంపెనీ కాయిన్ మెషీన్లను యజమాని ఊరికే ఇస్తానంటున్నాడనీ, వాటిని బాగుచేసి ఇంట్లో వాడుకోవచ్చా, నాణేల పెట్టె పీకేసి మామూలు మెషీన్‌గా మార్చుకోవచ్చా అనీ అడిగారు. మెషీన్లను తప్పకుండా తెచ్చుకోండి. నాణేల పెట్టెను మాత్రం దయచేసి తీసేయకండి. డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో ఇటువంటి యంత్రాలను కొన్నేళ్లుగా సేకరించి, విప్పి, మళ్లీ నడిపిస్తున్న అనుభవంతో ఈ రెండు మాటలకూ కారణాలు చెబుతాను.

ముందుగా నాణేల పెట్టె సంగతి. ఉతికే యంత్రాలను గంటల లెక్కన అద్దెకిచ్చే దుకాణం 1934లో, ఈ టెక్సస్ రాష్ట్రంలోనే, ఫోర్ట్ వర్త్ నగరంలో మొదలైంది. జె.ఎఫ్. కాంట్రెల్ అనే ఆయన నాలుగు కరెంటు యంత్రాలతో తెరిచిన ఆ ‘వాషటీరియా’ను అమెరికాలో ఈ తరహా దుకాణాలన్నిటికీ మొదటిదిగా చెబుతారు. అయితే గంటల లెక్క అంటే సమయం చూసి డబ్బు పుచ్చుకునే మనిషి ఒకరు అక్కడ ఉండక తప్పదు. పైగా ఆనాటి యంత్రాలలో ఉతకడం, జాడించడం, పిండడం వాటంతటవే వరుసగా జరిగేవి కావు. 1937లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ నుంచి బెండిక్స్ కంపెనీ తెచ్చిన ముందు తలుపు యంత్రం ఈ మూడు పనులనూ తానే చేసుకోసాగింది. అటువంటి యంత్రానికి నాణెం వేస్తే టైమరు కదిలే ఏర్పాటు జతపడిన తరువాత దుకాణంలో మనిషి అవసరం తీరిపోయింది, రాత్రి పగలు తలుపులు తెరిచి ఉంచడం వీలైంది, 1949 నాటికి ఈ పద్ధతి లండన్‌లోని క్వీన్స్‌వే వీధి దాకా వెళ్లింది. అందువల్ల లాండ్రోమాట్ యంత్రంలో చరిత్ర అంటూ ఏదైనా ఉంటే అది ముఖ్యంగా ఆ నాణేల పెట్టెలోనే ఉందని నా అభిప్రాయం. పెట్టె తీసేస్తే మీకు మిగిలేది ఒక మంచి పాత మేట్యాగ్. అది సంతోషమే కానీ అటువంటివి ఇళ్లలో ఇంకా చాలానే ఉన్నాయి.

నాణేల పెట్టెకు ఉండే కాయిన్ స్లైడ్, అంటే నాణేలు పెట్టి లోపలికి నెట్టే భాగం, ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని పీకేయడానికి మీకే మనసొప్పదు. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, బ్యాంకులో పది డాలర్లిచ్చి 40 క్వార్టర్ల (పావు డాలరు నాణేల) చుట్ట తెచ్చుకుని, అపార్ట్‌మెంట్ కింది గదిలో బట్టలు ఉతుక్కున్న మనవాళ్లందరూ ఆ స్లైడును లోపలికి నెట్టినవారే. అందులో కరెంటు లేదు, మోటారు లేదు. ముందుకు వచ్చి ఉండే లోహపు నాలుకలో వరుసగా గూళ్లు ఉంటాయి. ఒక్కో గూట్లో ఒక్కో నాణెం పెట్టి నెడతాం. లోపల ప్రతి గూటికీ ఎదురుగా చిన్న మీట ఉంటుంది. గూడు ఖాళీగా ఉన్నా, లోపల ఉన్నది కొలతకు తక్కువ బిళ్ల అయినా మీట తన స్థానంలోకి దిగి నాలుకను అక్కడే ఆపేస్తుంది. అన్ని గూళ్లలోనూ సరైన నాణేలు ఉన్నప్పుడే మీటలన్నీ ఒకేసారి పక్కకు తొలగి దారి ఇస్తాయి. అప్పుడు నాలుక చివరిదాకా వెళ్లి, వెనకనున్న టైమరు మీటను తన్ని, నాణేలను కింది పెట్టెలో పడేసి తిరిగి వస్తుంది. క్వార్టర్ వ్యాసం 24.26 మిల్లీమీటర్లు, మందం 1.75 మిల్లీమీటర్లు. ఆ రెండు కొలతలను ఇనుప ముక్కలతో తూచి చూసే ఈ పనితనం దశాబ్దాల తరబడి సబ్బు పొడిలో, తేమలో, విసురుగా నెట్టే చేతుల కింద నిలబడిందంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. వెండి ధర పెరిగి నాణేలకు కొరత వచ్చినప్పుడు, 1965 చట్టంతో అమెరికా ప్రభుత్వం డైమ్ (పది సెంట్లు), క్వార్టర్ నాణేలలోంచి వెండిని పూర్తిగా తీసేసింది. రాగి దిమ్మకు రెండు వైపులా రాగి, నికెల్ మిశ్రమం అతికించిన కొత్త నాణెం వచ్చింది. క్వార్టర్ బరువు 6.25 గ్రాముల నుంచి 5.67 గ్రాములకు తగ్గింది. దేశమంతటా ఉన్న నాణేల యంత్రాలు కొత్త నాణేన్ని తిప్పికొట్టకూడదన్నది ఆ లోహాన్ని ఎంచుకోవడానికి ముఖ్యమైన కారణాలలో ఒకటి. కొన్ని అమ్మకపు యంత్రాలు అయస్కాంతం పక్కనుంచి నాణేన్ని జార్చి దాని విద్యుత్ గుణాన్ని కూడా పరీక్షించేవి కాబట్టి, కొత్త మిశ్రమం ఆ విషయంలో వెండి నాణేనికి దగ్గరగా ఉండేటట్లు చూశారు. స్లైడుకు ఆ సమస్యే లేదు. అది కొలత తప్ప మరేదీ చూడదు కాబట్టి 1965కు ముందున్న స్లైడు ఈరోజు క్వార్టర్‌ను కూడా నిరభ్యంతరంగా తీసుకుంటుంది.

స్లైడు బిగుసుకుపోయి ఉంటే బలంగా కొట్టకండి, నూనె పోయకండి. నూనె మొదట్లో సుఖంగా కదిలిస్తుంది కానీ కొద్ది నెలల్లో బట్టల నూగునూ సబ్బు పొడినీ పట్టుకుని గట్టి ముద్దగా మారుతుంది. నేను స్లైడును మొత్తంగా బయటకు తీసి, వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్క మీటనూ కదిలిస్తూ కడిగి, బాగా ఆరబెట్టి, రాపిడి ఉన్న చోట మాత్రమే కొద్దిగా పొడి గ్రాఫైట్ రాస్తాను. చాలా స్లైడులలో గూళ్లను మూసేసే చిన్న పలకలు ఉంటాయి. దుకాణదారులు ధర మార్చేది వాటితోనే. ఒక్క గూడు మాత్రం తెరిచి ఉంచి మిగిలినవి మూసేస్తే, ఒకే క్వార్టర్ వేసి మెషీన్ నడుపుకుని, తరువాత పెట్టె తెరిచి ఆ క్వార్టర్‌నే మళ్లీ వాడుకోవచ్చు. మా ఇంట్లో ఇదే పద్ధతి. పిల్లలకు కూడా బట్టలు వేయడం ఇష్టమైన పనిగా మారింది.

పెట్టె తాళాల విషయంలో యజమానిని ఇప్పుడే గట్టిగా అడగండి. స్లైడూ టైమరూ ఉండే పైనున్న మీటరు పెట్టెకు ఒక తాళం, నాణేలు పడే డబ్బాకు మరొక తాళం వేరువేరుగా ఉంటాయి. మొదటిది చాలాసార్లు గొట్టం ఆకారపు తాళంచెవితో తెరుచుకునేది, రెండవది అంతకన్నా గట్టిది. దుకాణం ఖాళీ చేసే హడావిడిలో చెవుల గుత్తి ఎక్కడో పోతుంది, ఆ తరువాత డ్రిల్లుతో తాళాన్ని తొలిచి తీయవలసి వస్తే చుట్టూ ఉన్న ఎనామెల్ పెచ్చులూడుతుంది. చెవులు దొరకకపోతే తాళాలు తీసే పనివారిని పిలిపించండి, ఆ ఖర్చు వృథా కాదు.

ఇప్పుడు మెషీన్ సంగతి. రెండింటిలో ఏది మంచిదో దుకాణంలోనే తేల్చుకోవచ్చు. ముందు పలకను విప్పి, టార్చిలైటు పట్టుకుని టబ్బు అడుగు భాగాన్ని చూడండి. మధ్యలో, గేర్ బాక్స్ పైభాగం దగ్గర, తుప్పు చారలు గానీ నూనె కలిసిన గోధుమరంగు జాడలు గానీ కిందికి దిగి ఉంటే సీలు పోయి నీళ్లు బేరింగ్‌లోకి చేరుతున్నాయని అర్థం. సీలు ఒక్కటే పోతే మార్చుకోవచ్చు. దానికి లోపలి టబ్బును తీయాలి, అందుకు ప్రత్యేకమైన స్పానర్ కావాలి. బేరింగ్ కూడా పోతే ఖాళీ టబ్బును చేత్తో తిప్పినప్పుడే గరగరమని శబ్దం వస్తుంది, అప్పుడు పని చాలా పెద్దది. బయటి టబ్బుకు చిల్లులు పడితే దాన్ని భాగాల కోసం మాత్రమే తీసుకోండి. అజిటేటర్ (టబ్బు మధ్యలో నిలబడి బట్టలను కదిలించే భాగం) పైకి రాకపోతే టబ్బులో వేడి నీళ్లు నింపి కొంతసేపు ఉంచండి. ప్లాస్టిక్ కాస్త వ్యాకోచించి వదులవుతుంది. కింద ఇనుప కడ్డీ పెట్టి పైకి తన్నడం మాత్రం వద్దు, ఆ పాత అజిటేటర్లు పగిలితే మళ్లీ దొరకడం కష్టం.

మేట్యాగ్ వారు అయోవా రాష్ట్రంలోని న్యూటన్‌లో ఏళ్ల తరబడి తయారుచేసిన ఈ హెలికల్ డ్రైవ్ (మరమేకు తరహా నడక) యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని సరళత. మోటారు ఒక దిశలో తిరిగితే అజిటేటర్ ఉతుకుతుంది. అప్పుడు అడుగునున్న బ్రేకు టబ్బును కదలనివ్వదు. మోటారు దిశ మార్చుకోగానే కింది పుల్లీ మరమేకులాగా పైకి ఎక్కి బ్రేకును విడిపిస్తుంది, టబ్బు, గేర్ బాక్స్ మొత్తంగా కలిసి తిరుగుతాయి. పంపు కూడా అదే మోటారుతో, ఇంకొక బెల్టు మీద నడుస్తుంది. నీళ్లు బయటకు పోవడం, టబ్బు తిరగడం ఒకేసారి మొదలవుతాయి. అంటే నిండా నీళ్లున్న టబ్బును మోటారు కదిలించాలి. ఆ భారం మోటారు మీద ఒక్కసారిగా పడకుండా కాపాడేది బెల్టు జారడమే. మోటారును బిగించిన పీఠం స్ప్రింగుల మీద ముందుకు వెనక్కు కదులుతుంది, బెల్టు కొంచెం కొంచెంగా జారుతూ టబ్బును క్రమంగా వేగానికి తెస్తుంది.

అందుకే బెల్టు విషయంలో నా మాట వినండి. కార్ల విడిభాగాల దుకాణంలో సరిగ్గా అదే పొడవున్న బెల్టు చౌకగా దొరుకుతుంది, చూడటానికి బాగానే ఉంటుంది, కానీ అది జారకుండా గట్టిగా పట్టుకోవడానికి చేసినది. దాన్ని వేస్తే మోటారు మూలుగుతుంది, వేడెక్కి ఆగిపోతుంది, మోటారే చెడిపోయిందని అనుకుని మంచి మోటారును మార్చేవారు ఉన్నారు. మేట్యాగ్ కోసమే చేసిన నునుపైన బెల్టుల జత కొనండి, పుల్లీల మీద నూనె గానీ గ్రీజు గానీ లేకుండా తుడవండి, మోటారు పీఠం జారే చోట్లను శుభ్రంచేసి అది చేత్తో నెడితే సులువుగా కదులుతున్నదో లేదో చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. పిండడం ముగిసి టబ్బు ఆగేటప్పుడు పెద్ద కీచు శబ్దం వస్తే బ్రేకు ఎండిపోయిందని అనుకోవచ్చు. పిండేటప్పుడు మెషీన్ మొత్తం ఊగిపోతూ ఉంటే కింద గిన్నె బోర్లించినట్లుండే భాగం మీద కూర్చునే డ్యాంపర్ మెత్తలను (ఊపును తగ్గించేవి) చూడండి. అరిగిపోతే పాతవాటిని గీకేసి కొత్తవి అతికించి, వాటికి తగిన గ్రీజు మాత్రమే రాయాలి.

కరెంటు విషయంలో తొందర పనికిరాదు. నీళ్లు, లోహపు పెట్టె, పాత వైర్లు ఒకచోట ఉన్నాయి కాబట్టి ప్లగ్గు పెట్టకముందే ఎర్తింగ్ వైరు పెట్టెకు సరిగా అంటుకుని ఉందో లేదో మల్టీమీటరుతో కొలవండి, మొదటిసారి నడిపేది తప్పనిసరిగా జీఎఫ్‌సీఐ సాకెట్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే సాకెట్) మీదే నడపండి. పెళుసెక్కిన ఇన్సులేషన్ కనిపిస్తే టేపు చుట్టి సరిపెట్టకుండా ఆ వైరునే మార్చండి. వైరింగ్ పటం సాధారణంగా పలక లోపలివైపు అంటించో, మీటరు పెట్టెలో మడిచో ఉంటుంది. దాన్ని చించకుండా ఫోటో తీసుకోండి. 1979కి ముందువైన కెపాసిటర్లలో పీసీబీ అనే విషపదార్థం ఉండవచ్చు కాబట్టి ఉబ్బినవాటినీ కారుతున్నవాటినీ ఒట్టి చేతులతో పట్టుకోకండి, చెత్తబుట్టలో వేయకండి, మీ కౌంటీ వారి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి అప్పగించండి. పాత బ్రేకు పలకలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకుండా తడి గుడ్డతోనే తుడవాలి, తగిన మాస్కు వేసుకోవాలి.

ఆ దుకాణంలో ముందు తలుపు ఉన్న పెద్ద యంత్రాలు కూడా ఇస్తామంటే మొదటిసారికి వద్దనండి. అవి చాలావరకు కాంక్రీటు నేలకు బోల్టులతో బిగించి నడపవలసినవి, ఎక్కువ వోల్టేజి అడిగేవి. మీకు చెప్పిన పైమూత మేట్యాగ్‌కు ఇంట్లోని మామూలు 120 వోల్టుల సాకెట్టూ నీళ్ల గొట్టాలూ చాలు. అది నీళ్లను మాత్రం ధారాళంగా తాగుతుంది, ఒక పూర్తి ఉతుకుకు సుమారు 40 గ్యాలన్లు. అందువల్ల మా ఇంట్లో రోజువారీ బట్టలకు కొత్త మెషీనే ఉంది. దుప్పట్లు, తువ్వాళ్లు, పిల్లల ఆటల బట్టలు వారానికోసారి పాతదానిలో పడతాయి.

రెండూ తెచ్చుకోమనడానికి అసలు కారణం విడిభాగాలు. న్యూటన్ కర్మాగారం 2007లో మూతపడింది. బెల్టులు, సీళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి కానీ టైమర్లు, మీటరు పెట్టె భాగాలు, ఎనామెల్ పలకలు పాత మెషీన్ల నుంచే రావాలి. సీలు బాగున్నదాన్ని నడిపించండి, రెండవదాన్ని విప్పకుండా పొడి చోట నిలువుగా ఉంచండి. తెచ్చేటప్పుడు కూడా పడుకోబెట్టకుండా నిలువుగానే కట్టి తీసుకురండి, ఇద్దరు మనుషులూ ఒక డాలీ (బరువులు తోసే చక్రాల బండి) ఉండాలి. బయలుదేరేముందు యజమానిని చెవుల గుత్తి, ధర పలకలు, మిగిలిపోయిన స్లైడులు, సర్వీసు పుస్తకాలు ఉన్నాయేమో అడగండి. మెషీన్ మోడల్ నంబరు, ముందు పలక విప్పి తీసిన ఫోటో ఇక్కడ పెడితే, సీలు సంగతి చూసి ఏ భాగాలు తెప్పించాలో రాస్తాను.