లివర్ పెన్ను ఇంకు తాగడం లేదా?

ప్రశ్న: మా తాత గుమాస్తాగా ఉన్నప్పుడు వాడిన షీఫర్ పెన్ను బీరువాలో దొరికింది. పక్కనుండే లివర్ సగం దాకా లేచి ఆగిపోతోంది, ఇంకు చుక్క కూడా ఎక్కడం లేదు. గట్టిగా లాగితే పనిచేస్తుందా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: లాగకండి సార్, లాగితే లివర్ పిన్ను ఊడుతుంది, లేదా అది కూర్చునే గాడి దగ్గర బ్యారెల్ (పెన్ను వెనక గొట్టం) పగులుతుంది, అప్పుడిక అసలు రిపేరు మొదలవుతుంది. ఇది 1908లో అమెరికాలో నగల దుకాణం నడిపే వాల్టర్ షీఫర్ పేటెంట్ తీసుకున్న పద్ధతి: లివర్ ఎత్తితే లోపలి రేకు రబ్బరు ట్యూబును నొక్కుతుంది, వదిలితే ట్యూబు ఉబ్బుతూ ఇంకును పీల్చుకుంటుంది. మీ పెన్నులో ఆ రబ్బరు ఏళ్ల తరబడి పడి ఉండి బిగుసుకుపోయుంటుంది. మార్చాల్సింది దాన్నే.

ముందు పాళీ ఉన్న ముందు భాగాన్ని ఊడదీయాలి. హెయిర్ డ్రయ్యర్‌తో ఆ అతుకు చుట్టూ తిప్పుతూ వేడి చేయండి, చేత్తో పట్టుకోగలిగేంత వేడి చాలు. అగ్గిపుల్ల, స్టవ్వు జోలికి పోవద్దు, పాత బ్యారెల్ సెల్యులాయిడ్‌దైతే (పాతకాలపు ప్లాస్టిక్) భగ్గున అంటుకుంటుంది. వేడినీళ్లలో ముంచడమూ వద్దు, నల్ల ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) అయితే గోధుమ రంగుకు తిరిగిపోతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కతో పట్టుకుని కొంచెం కొంచెంగా అటూ ఇటూ కదిలిస్తూ లాగండి. రాకపోతే మళ్లీ వేడి, మళ్లీ ఓపిక. మన ఊరి మే నెల ఎండ ఉంది కదా అని మేడ మీద పెట్టేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయకండి, ఎండకు కూడా ఎబొనైట్ రంగు మారుతుంది.

ఊడాక లోపల నల్లటి పెంకుల్లాంటి ముక్కలు రాలతాయి. మిగిలినవి సన్న తీగతో గీకి తీయండి, రేకు మాత్రం వంగకూడదు. కొత్త ట్యూబు సైజు నంబర్లు అంగుళంలో 64వ వంతుల లెక్కన ఉంటాయి, అంటే 16 నంబరు పావు అంగుళం. బ్యారెల్లో రేకు పక్కన బిగుసుకోకుండా, చివర తగలకుండా పట్టేలా కత్తిరించండి. ట్యూబును పాళీ ఉన్న ముందు భాగానికి అంటించడానికి లక్క పాలిష్ (షెల్లాక్) చాలు, మళ్లీ ఎప్పుడైనా వేడి చేస్తే వదిలేస్తుంది. సూపర్ గ్లూ పెట్టారా, తర్వాత రిపేరు చేసేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు! రాత్రంతా ఆరనిచ్చి, ట్యూబుకు వాసన లేని టాల్క్ పొడి రాసి బిగించండి. మొదట మంచినీళ్లతో చూడండి. లివర్ దించాక పాళీని ఒక పది సెకన్లు నీళ్లలోనే ఉంచాలి, చాలామంది అక్కడే తొందరపడతారు.

ప్రశ్న: మా నాన్నగారి పార్కర్ 51 కూడా ఇలాగే విప్పాలా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వద్దమ్మా, ముందు బ్యారెల్ ఒక్కటే మర తిప్పి తీసి చూడండి. లోపల నొక్కే పట్టీ ఉన్న లోహపు గొట్టం కనిపిస్తే అది 1948 నుంచి వచ్చిన రకం, దాని ట్యూబు ప్లాస్టిక్‌ది, మామూలుగా చెడిపోదు. ఎండిన ఇంకే అడ్డం పడుంటుంది. పాళీ వైపు మామూలు చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పట్టీ నొక్కుతూ నీళ్లు తేటపడేదాకా కడగండి. బ్యారెల్ తేలిగ్గా రాకపోతే బలవంతం చేయకండి, దాని వెనక చివర ఉన్న చిన్న మూత తిప్పి తీస్తే బొత్తాం లాంటిది కనిపిస్తే అది 1941 నాటి పాత పద్ధతి, లోపల రబ్బరు పొర ఉంటుంది, దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి కాబట్టి తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఏ పెన్నైనా సరే, బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు మాత్రం పోయకండి, అది లోపల ఎండితే కడిగినా రాదు.