డ్రిప్ పెట్టే ముందు: కొత్త స్టాఫ్ నర్సుకు ఒక ఉత్తరం

చిత్తూరు

చిరంజీవి పాపకు,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే సోమవారం తిరుపతిలో స్టాఫ్ నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఎంత సంతోషించానో, మొదటి రోజు నుంచే నిన్ను మెడికల్ వార్డులో వేస్తున్నారని విని అంతగా ఆలోచనలో పడ్డాను. ఆ వార్డులో సగం మంచాలకు సెలైన్ స్టాండ్లు ఉంటాయి. ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను పెట్టిన కాన్యులాలకు, అంటే మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టాలకు, లెక్క లేదు కానీ, ఈనాటికీ నిద్ర చెడగొట్టేవి మాత్రం రెండే సంఘటనలు. నీకు అవి చెప్పకుండా ఆశీర్వదించి ఊరుకోవడం న్యాయం కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

వార్డులో నీకు మొట్టమొదట వినిపించే మాట "డాక్టరు రాశారు, మనం ఇచ్చాం, మనకేం సంబంధం?" అన్నది. ఆ మాటను నమ్మవద్దు. 1998లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో, టైఫాయిడ్‌తో చేరిన ఒక బాలుడికి డాక్టరు రాసింది క్లోరాంఫెనికాల్ కాగా, నర్సు నరంలోకి ఎక్కించింది మలేరియాకు వాడే లారియాగో. గుండె ఆగి, మెదడు దెబ్బతిని, ఆ బిడ్డ జీవచ్ఛవంలా మిగిలిపోయాడు. ఆ నర్సుకు ఏ నర్సింగ్ కౌన్సిల్లోనూ రిజిస్ట్రేషన్ లేదని విచారణలో బయటపడింది. బిడ్డకు 12.5 లక్షల రూపాయలు, తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయలు పరిహారం ఇవ్వాలన్న ఆదేశాన్ని కోర్టు ఖాయం చేసింది. అందుకే ఆంధ్రప్రదేశ్ నర్సుల, మంత్రసానుల కౌన్సిల్ ఇచ్చిన నీ రిజిస్ట్రేషన్ చేతికి అందకముందే, "ఈలోగా డ్యూటీ చేయమ్మా, కాగితాలు తర్వాత చూద్దాం" అని ఎవరు ఎంత ప్రేమగా చెప్పినా సూది పట్టుకోవద్దు. రేపు వేలూరుకో బెంగళూరుకో మారాలనుకుంటే అక్కడి కౌన్సిల్ నిబంధనలు ముందుగా కనుక్కో.

పరిహారం సంగతి ఆసుపత్రితో పోతుందేమో గానీ క్రిమినల్ కేసు మనిషి మీద పడుతుంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకైతే ఆ గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఈ తగ్గింపు మెడికల్ రిజిస్టరులో పేరున్నవారికే వర్తిస్తుంది. మన పేర్లు ఉండేది నర్సింగ్ రిజిస్టరులో. పాత చట్టంలో అందరికీ రెండేళ్లే ఉండేది. ఈ తేడా మన నర్సుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. అయితే నీవు భయపడి చేతులు ముడుచుకోవాలని చెప్పడం లేదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలనీ, ఆ వృత్తిలో మామూలు నేర్పు గలవారు ఏం చేసి ఉండేవారో దానితోనే పోల్చి చూడాలనీ చెప్పింది. మామూలు నేర్పు గల నర్సు ఏం చేస్తుందన్నదే ఇక నేను చెప్పబోయేది.

నా మొదటి తప్పు పేరు దగ్గర జరిగింది. నీవు వెళ్తున్నది తిరుపతి అని గుర్తుంచుకో: ఒకే వార్డులో ముగ్గురు వెంకటేశ్వర్లు, ఇద్దరు శ్రీనివాసులు, ఒక బాలాజీ ఉండడం అక్కడ రోజూ జరిగే పనే. ఒక నైట్ డ్యూటీలో నేను మంచం దగ్గర నిలబడి "వెంకటేశ్వర్లేనా?" అని అడిగితే ఆయన "అవునమ్మా" అన్నాడు, అది నిజమే, కానీ నా చేతిలో ఉన్న ఫ్రూసెమైడ్, అంటే మూత్రం ఎక్కువగా పోయించే మందు, పక్క మంచం వెంకటేశ్వర్లుది. ప్రాణానికి ఏమీ కాలేదు. తెల్లవార్లూ ఆయన బాత్రూముకు తిరుగుతూ ఉంటే, ప్రతి గంటకూ బీపీ చూస్తూ నేను కూర్చున్నాను. నీవు పేరు చెప్పి అవునా అని అడగకు, ఆయన చేతే పేరు చెప్పించుకో. చేతి పట్టీ మీది ఐపీ నంబరును (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరును) కేస్ షీటుతో సరిచూడు. మంచం నంబరును మాత్రం ఎన్నడూ ఆధారం చేసుకోకు. కొండకు నడిచి వస్తూ అలిపిరి మెట్ల మీద సొమ్మసిల్లి చేరే యాత్రికుల్లో తమిళులు, కన్నడిగులు కూడా ఉంటారు. నీవు తెలుగులో ఏం అడిగినా మర్యాద కోసం తలూపే పెద్దవాళ్లు వారిలో ఉంటారు. ఆ తల ఊపడం గుర్తింపూ కాదు, అంగీకారమూ కాదు. కాన్యులాకు నోటిమాట అంగీకారం చాలు గానీ, రక్తం ఎక్కించాలంటే వారి భాషలో వివరించి సంతకం తీసుకున్నారో లేదో నీవే చూడాలి. స్పృహలో ఉన్న పెద్దమనిషి వద్దంటే బలవంతంగా గుచ్చడానికి నీకు హక్కు లేదు. డాక్టరుకు చెప్పి, చెప్పినట్టు రాయి.

రెండో సంఘటనలో నా తప్పు చేతిది కాదు, కలానిది. బీపీ నిలబెట్టే డోపమైన్ మందు డ్రిప్‌లో నడుస్తున్న ఒక ముసలామెకు ముంజేతి వెనక చిన్న నరంలో కాన్యులా ఉంది. రాత్రి రెండింటికి చూసినప్పుడు అంతా బాగుంది. నాలుగున్నరకు చూస్తే చెయ్యి తెల్లగా, చల్లగా పొంగి ఉంది. మందు నరం దాటి కండలోకి దిగింది. వారంలో అక్కడి చర్మం నల్లబడి పుండైంది. కొడుకు ఫిర్యాదు చేశాడు. రెండింటికి నేను చూసిన మాట సత్యం, కానీ షీటులో ఆ గడి ఖాళీగా ఉంది, విచారణలో కూర్చున్నవారికి నా సత్యంతో పని లేకపోయింది. నిజానికి రెండున్నర గంటలు వదిలేయడమే తప్పు. అలాంటి మందు నడుస్తున్నప్పుడు గంటకొకసారైనా ఆ చోటును కళ్లతో చూసి, వేలితో తాకి, టైముతో సహా రాయాలి. వాపు కనిపించిన క్షణం డ్రిప్ ఆపు, కానీ కంగారులో కాన్యులా లాగేయకు. దాని గుండానే లోపలి మందును వీలైనంత వెనక్కి లాగి, వాపు అంచుల చుట్టూ పెన్నుతో గీత గీసి, డాక్టరును పిలువు. ఏ రోజు, ఏ టైముకు, ఏ సైజు కాన్యులా ఎక్కడ పెట్టావో డ్రెస్సింగ్ మీదా షీటులోనూ ఉండాలి. రెండుసార్లు గుచ్చినా నరం దొరకకపోతే మూడోసారి నీవు ప్రయత్నించకు, ఇంకొకరిని పిలువు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఆర్డరు. కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) 10 మి.లీ. ఆంప్యూలులో 20 మిల్లీఈక్వివలెంట్ల (పొటాషియాన్ని కొలిచే ప్రమాణం) పొటాషియం ఉంటుంది. చూడడానికి అది డిస్టిల్డ్ వాటరులాగే ఉంటుంది, నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. దాన్ని ఎప్పుడూ ఫ్లూయిడ్‌లో కలిపే ఇవ్వాలి, మామూలు వార్డులో గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించకూడదు. అర్ధరాత్రి హౌస్ సర్జన్ హడావుడిగా "కేసీఎల్ ఒక ఆంప్యూల్, ఐవీ" (నరంలోకి) అని మాత్రం రాసి వెళ్లిపోతే, అది నీ దృష్టిలో ఆర్డరే కాకూడదు. "సార్, ఏ ఫ్లూయిడ్‌లో, ఎంతసేపట్లో ఇవ్వాలో రాయలేదు, రాసిస్తే ఇస్తాను" అని అడుగు. విసుక్కుంటాడు. విసుక్కోనీ, ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు, అతనికీ నిద్ర లేదు. అయినా రాయకపోతే ఇన్‌ఛార్జి సిస్టరుకు, అక్కడా తేలకపోతే పైడాక్టరుకు ఫోను చేసి, ఎవరితో ఎన్ని గంటలకు ఏం మాట్లాడావో నోట్సులో పెట్టు. ఫోను ఆర్డరు అత్యవసరంలో మాత్రమే తీసుకో. మందు పేరు, మోతాదు, వేగం తిరిగి చదివి వినిపించు, డాక్టరు రాగానే సంతకం పెట్టించు. అనుమానం వచ్చాక కూడా ఇచ్చిన మందుకు "వాళ్లు చెప్పారు" అన్నది సమాధానం కాదు.

వేగం కూడా ఆర్డరులో భాగమే. డ్రిప్ గొట్టం సెట్టు కవరు మీద మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో అచ్చు వేసి ఉంటుంది. 500 మి.లీ. 4 గంటల్లో పోవాలంటే 20 చుక్కల సెట్టుతో నిమిషానికి దాదాపు 42, 15 చుక్కల సెట్టుతో 31 చుక్కలు పడాలి. రక్తమైతే ఇద్దరు నర్సులు మంచం పక్కనే నిలబడి సరిచూడాలి, నార్మల్ సెలైన్ తప్ప మరేదీ ఆ లైనులో కలవకూడదు, మొదటి పదిహేను నిమిషాలు నీవు కదలకూడదు, 4 గంటల్లో సంచి ముగియాలి. సూదులు తెల్ల డబ్బాలో, సెట్లూ బాటిళ్లూ ఎర్ర సంచిలో వేయాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఇది నీకు కాలేజీలోనే వంటబట్టింది. సూది గుచ్చుకుంటే మాత్రం సిగ్గుపడి దాచకు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.

ఇంకొక్క మాట. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు పక్కింటి అత్త "నీరసంగా ఉందే, ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించిపో" అంటుంది; మెడికల్ షాపువాడు చీటీ అడగకుండానే బాటిలూ సెట్టూ కవరులో పెట్టి ఇస్తాడు. డాక్టరు ఆర్డరు లేకుండా ఇంట్లో సెలైన్ పెట్టడం నర్సు పని కాదు. ఇంటి దూలానికి వేలాడదీసిన బాటిలుతో ఆమెకు చలిజ్వరం పుట్టుకొస్తే అక్కడ ఆక్సిజనూ ఉండదు, అడ్రినలినూ ఉండదు, నీ తరఫున మాట్లాడడానికి కేస్ షీటూ ఉండదు. ఆమెకు కోపం వస్తుంది, చదువుకున్న పొగరని నాలుగిళ్లలో చెప్పుకుంటుంది. నన్ను కూడా అలాగే అన్నారు. ఒక లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి ఇచ్చి, ఆటో పిలిచి, పీహెచ్‌సీ దాకా ఆమెతో పాటు నీవే వెళ్లు.

ఇట్లు,
పెద్దమ్మ