నెల్లూరు ఒడ్డున గాలం వేయబోయే మేనల్లుడికి

ప్రొద్దుటూరు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

నీకు నెల్లూరుకు బదిలీ అయిందనీ, చేరి నెల తిరగకముందే ఆదివారాలు మైపాడు ఒడ్డుకు గాలం తీసుకుపోతున్నావనీ అక్క ఫోనులో చెప్పింది. వద్దని గట్టిగా ఒక మాట చెప్పమని కూడా అడిగింది. అదే జిల్లాలో పదకొండేళ్లు ఉద్యోగం చేసి, సెలవురోజు ఒక్కటి కూడా ఇంటిపట్టున ఉండని నేను ఏ ముఖం పెట్టుకొని వద్దని చెప్పగలను? అందుకే, మైలవరం డ్యాములోనూ మన పెన్నలోనూ గాలం పట్టి పెరిగినవాడు సముద్రం దగ్గర ఏయే తప్పులు చేస్తాడో, వాటిలో చాలావరకు నేనే చేసి ఉన్నాను కనుక, వివరంగా రాస్తున్నాను.

మొదటి తప్పు, పోగానే గాలం విసరడం. చెరువులో నీరు కదలదు. కట్ట మీద చెట్టునీడ చూసుకొని కూర్చుంటే బొచ్చె చేప ఎప్పుడో ఒకప్పుడు అటుగా వస్తుంది. సముద్రంలో అట్లా కాదు. ఈ ఆదివారం చేప దొరికిన చోట వచ్చే ఆదివారానికి ఇసుకమేట పడి ఉండవచ్చు. కాబట్టి పోయిన వెంటనే సంచి దించి, ఒడ్డున ఉన్న ఇసుకదిబ్బ ఎక్కి, అరగంటసేపు ఏమీ చేయకుండా నీళ్లవైపు చూడు. అల విరిగి తెల్లగా నురుగు కక్కే చోట నీరు లోతు తక్కువ, అంటే అక్కడ అడుగున మేట ఉంది. ఆ మేటకూ ఒడ్డుకూ మధ్య, అల విరగకుండా నల్లగా సాగిపోయే పొడుగాటి పట్టీ కనిపిస్తే అది కాలువలాంటి లోతు. చేప ఒడ్డు వెంబడి తిరిగే దారి అదే. పాటు, అంటే సముద్రం వెనక్కి తగ్గడం, పూర్తయిన వేళ ఒకసారి పోయి ఆ ఒడ్డంతా నడిచి చూస్తే, నీరు ఎక్కే పోటులో మునిగిపోయే గుంటలూ మేటలూ కంటికి తెలుస్తాయి. నేను మొదటి ఏడాది బలమంతా పెట్టి వంద గజాల అవతలికి విసిరి, అంత దూరం పోయినందుకు మురిసిపోయేవాణ్ణి; పక్కన జాలర్ల పాలెం పెద్దాయన ఒకరు ముప్పై గజాలలోపే వేసి, నేను చూస్తుండగానే రెండు గొరక చేపలను లాగారు. నా గాలం చేపల దారి దాటిపోయి మేట మీద పడుతోందని ఆయన చెప్పేదాకా నాకు తోచలేదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అంగళ్లలో నీకు అవసరానికి మించి అమ్ముతారు. పది, పదకొండు అడుగుల రాడ్డు, ఉప్పునీటికి తట్టుకునే రీలు, 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం చాలు. దాని కొసకు మాత్రం రాడ్డుకు రెండింతలకు పైగా పొడవున్న లావు దారం ముడివేసి, అది రీలు మీద నాలుగైదు చుట్లు పడేటట్లు చూసుకో. నూరు గ్రాముల సీసాన్ని బలంగా విసిరేటప్పుడు సన్నదారం తెగితే ఆ సీసం తూటాలా పోతుంది. ముందు ఎవరున్నారో వెనక ఎవరున్నారో చూడకుండా ఎన్నడూ విసరవద్దు. గుండ్రటి సీసం అలకు దొర్లుతుంది, నాలుగు పలకలతో కొస తేలినది ఇసుకలో దిగి నిలుస్తుంది. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడుపు. పొడిగా బిగిస్తే రాపిడికి దారం వేడెక్కి అక్కడే బలం పోతుంది.

ఇక వేళ సంగతి. పోటు ఎక్కేటప్పుడు చేప మేతకోసం ఒడ్డుకు దగ్గరగా వస్తుంది. పోటు ఎక్కే చివరి రెండు గంటలు, నిండిన తరువాత ఒక గంట, ఈ మూడు గంటలూ సూర్యుడు పుట్టే వేళకో గుంకే వేళకో కలిసివస్తే, ఆ రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దదిగా ఉంటుంది, అష్టమి దగ్గర చిన్నదిగా ఉంటుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక, ఒక రోజు నిండుపోటు ఎన్నింటికో గడియారంలో చూసి క్యాలెండరులో రాసుకుంటే, ఆ పక్షమంతా లెక్క నీ చేతిలోనే ఉంటుంది. పక్షం తిరిగేసరికి దాదాపు అదే వేళకు మళ్లీ వస్తుంది. మా గోడ మీద వేలాడే పంచాంగం క్యాలెండరును నేను తిథులకంటే పోటులకోసమే ఎక్కువగా చూసేవాణ్ణని మీ అత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఎర కొనవలసిన పని లేదు. అల వచ్చి వెనక్కి జారే ఇసుక అంచున వంగి చూడు. నీరు జారుతుండగా తడి ఇసుక మీద చీలిన సన్నటి గీతలు వరుసగా పడతాయి. అవి ఇసుకలో పాతుకొని మీసాలు మాత్రం బయటపెట్టే చిన్న పీతల గుర్తులు. గుడ్డు ఆకారంలో, బొటనవేలి కొసంత ఉంటాయి, బూడిదరంగు, గోళ్లు ఉండవు. పెన్న ఇసుకలో చెలమ తోడినట్లు రెండు చేతులతో గబగబా తోడితే అరచేతిలో గిలగిలలాడుతూ, వెనక్కి వెనక్కి దూరాలని చూస్తాయి. వాటిలో పెంకు మెత్తగా ఉన్నవాటిని ఏరుకొని, పొట్టవైపు నుంచి గాలం గుచ్చి వీపున ముల్లు కొస కనిపించేటట్లు తీయి. పచ్చి రొయ్య కూడా మంచిదే కాని, జెల్లలూ పీతలూ దాన్ని ముందుగా కొరికివేస్తాయి. వానపాములను ఇక్కడినుంచి మోసుకుపోవద్దు. ఉప్పునీటిలో అవి త్వరగా చస్తాయి. కొయ్యింగ చేపలకు మాత్రం మన గోధుమపిండి ముద్ద పనికివస్తుంది.

చెరువుగట్టు మీద పంగకర్రకు రాడ్డు ఆనించి బీడీ కాల్చుకునే అలవాటు నాకు ఒక రాడ్డు ఖరీదు చేసింది. ఒక సాయంత్రం అట్లాగే ఆనించి ఎర తీయడానికి వంగాను. రాడ్డు ఒక్కసారి ముందుకు వంగి, ఇసుక మీద సర్రున జారుతూ నురుగులోకి పోయింది. వెంటబడి మోకాలిలోతు దాకా పోయాను, దాని కొస కూడా మళ్లీ కనబడలేదు. అది పెద్ద పార చేపో, తోకన ముల్లుండే టేకు చేపో ఈనాటికీ తెలియదు. అందువల్ల మూడడుగుల పైపుముక్కను ఇసుకలో సగం దాకా దిగగొట్టి అందులో నిలబెట్టు, చేప లాగితే దారం జారేటట్లు రీలు పట్టును వదులుగా ఉంచు.

నీకు దొరికేవాటిలో అందరూ ఆశపడేది పండుగప్ప. అది నది సముద్రంలో కలిసే మొగల దగ్గర, ఉప్పూ తీపూ కలిసే నీటిలో ఎక్కువగా ఉంటుంది. మన ప్రొద్దుటూరు పక్కన ఎండాకాలం ఇసుకగా పడి ఉండే ఈ పెన్నే ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వానలకు నీరు దిగి, మొగలోని రొయ్యలు సముద్రంలోకి కొట్టుకువచ్చే రోజుల్లో పండుగప్పలు అక్కడ కాచుకొని ఉంటాయి. దాని చెంప అంచు బ్లేడులాగా ఉంటుంది కనుక మొప్పలో వేలు పెట్టవద్దు, గాలం దగ్గర లావు దారమే వాడు. ఆ చేప మగదిగా పెరిగి, కొన్నేళ్ల తరువాత ఆడదిగా మారుతుంది. మీటరు దాటినది దాదాపుగా గుడ్ల చేపే. అట్లాంటిది పడితే వదిలిపెట్టమనే నేను అంటాను, నువ్వు వినకపోయినా.

జెల్లను మనం పెన్నలో చూసిందే కదా అని తేలికగా తీసుకోవద్దు. సముద్రపు జెల్లకు వీపున ఒకటి, రెక్కలకు చెరొకటి రంపపు ముళ్లు ఉంటాయి, వాటికి విషం ఉంది. ఒకసారి నేను దాన్ని చీకట్లో తడుముతూ పట్టుకున్నాను, ముల్లు అరచేతిలో దిగింది. మోచేతి దాకా మంట ఎక్కి కళ్లు తిరిగాయి. పాలెంలో ఒక అమ్మ, చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గంటకు పైగా పెట్టించింది. ఆ విషం వేడికి చెడిపోతుంది, అందుకే నొప్పి తగ్గింది. కాని ముల్లు ముక్క లోపల ఉంటే ఆసుపత్రికి పోయి తీయించుకోవలసిందే. టేకు దెబ్బకూ ఇదే మొదటి చికిత్స. నీళ్లలో నడిచేటప్పుడు కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకను రాసుకుంటూ నడిస్తే, ఇసుకలో పడుకున్న టేకు అలికిడికి తప్పుకుంటుంది. బయటికి తీయగానే బంతిలాగా పొట్ట ఉబ్బించుకునే చేప పడితే దారం కోసి వదిలిపెట్టు. దాని విషం వండినా పోదు, దానికి విరుగుడు లేదు.

అక్క భయమంతా సముద్రం గురించే, ఆ భయం అన్యాయమైనది కాదు. నీళ్లకు వీపు పెట్టి నిలబడవద్దు. మోకాలు దాటి దిగవద్దు. పక్కలా అలలు విరుగుతూ మధ్యలో మాత్రం విరగకుండా, మట్టిరంగు నీరు లోపలికి పోతూ కనిపించే చోట ప్రవాహం మనిషిని లాక్కుపోతుంది. చేపలకు అది మంచి చోటే కాబట్టి ఒడ్డునుంచి వేయవచ్చు, దిగకూడదు. ఎప్పుడైనా చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. హైదరాబాదులో సముద్ర సమాచారం చూసే ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది, బయలుదేరే ముందు చూసుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. ఓడరేవులో ఒకటో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేసినా ఇంట్లోనే ఉండు.

పాలెం వాళ్లు అలివి వల లాగుతున్నప్పుడు దాని రెండు తాళ్ల మధ్య గాలం వేయకూడదు. చిక్కుపడితే వాళ్ల పూట కూలి పోతుంది. పక్కన నిలబడి, పిలిస్తే ఒక చేయి వేసి తాడు లాగు. నాకు ఆ ఒడ్డు గురించి తెలిసినదంతా అట్లా తాడు లాగుతూ విన్నదే. జనవరి నుంచి మార్చి దాకా రాత్రులలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. అప్పుడు లైటు వేయకుండా దూరంగా ఉండు, వాటిని పట్టుకోవడం గానీ వాటి గుడ్లను కదిలించడం గానీ 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

చేప పట్టగానే పొట్ట తీసి, ఐసులో పెట్టు. ఇంటికి వచ్చేటప్పుడు ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు మీదుగా మన ఎండలో బస్సు ప్రయాణం. కవళ్ల వంటి చేపలను ఐసు లేకుండా తెస్తే, వాసన రాకపోయినా తిన్నవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, అది ఎంత ఉడికించినా పోయే చెడుపు కాదు. రీలును ఆ రాత్రే మంచినీటితో కడిగి ఆరబెట్టు. నా రెండో రీలు కడగకుండా అటకెక్కించినందుకే పిడి తిరగకుండా బిగుసుకుపోయింది. రాడ్డు మాత్రం బాగానే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు దించి ఇస్తాను, వస్తూ మాకు ఒక మాగ చేప పట్టుకురా. సంగటిలోకి పులుసు పెట్టాలని మీ అత్త ఇప్పటినుంచే చింతపండు దాచింది.

ఇట్లు,
నీ మేనమామ