జపాన్‌లో బడ్డీ కొట్టు తిండి మన నోటికి పడుతుందా?

నాకు పడింది, కానీ రెండోసారికి. మొదటిసారి నోరు కాల్చుకున్నాను.

ఉద్యోగం పని మీద ఒసాకాలో ఏడాదిన్నర ఉన్నాను. నా గదికీ రైల్వే స్టేషన్‌కీ మధ్య సందులో ఒక టకోయాకి కొట్టు ఉండేది. టకోయాకి అంటే లోపల ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చే పిండి ఉండలు. కొట్టంటే ఇంటి ముందుగది కిటికీ తెరిచి అందులోంచి అమ్మడమే. కూర్చోవడానికి చోటు లేదు, అంతా పార్సిలే. లోపల ఒక పెద్దావిడ, ఆమె ముందు గ్యాస్ పొయ్యి మీద పెనం. ఆ పెనం చూసే ఆగిపోయాను. మా కడపలో గుంత పొంగనాలు వేసే పెనమే, కాకపోతే గుంతలు బోలెడు.

తెలిసిన వంటే కదా అని చూస్తూ నిలబడితే, ఆమె పద్ధతి మనకు పూర్తిగా ఎదురు. మనం పులిసిన పిండిని ఏ గుంతకా గుంత నింపి మూత పెడతాం. ఆమె మజ్జిగంత పలచటి పిండిని గుంతలన్నీ మునిగి పెనం చెరువయ్యేదాకా పోసేసింది. అందులో గుంతకొక ఆక్టోపస్ ముక్క వేసి, ఉల్లికాడలు, ఎర్రగా ఊరబెట్టిన అల్లం తరుగు, టెంపురా (మన బజ్జీల్లా పిండిలో ముంచి వేయించేవి) వేయించగా మిగిలే పిండి పలుకులు చల్లింది. అంచులు కాస్త గట్టిపడగానే సన్నటి ఇనప పుల్లతో నిలువుగా, అడ్డంగా గీసి, పొర్లిన పిండినంతా గుంతల్లోకి కూరుతూ ఒక్కో ఉండను కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోయింది. చేతివేగం చూడ్డానికే రోజూ ఆగొచ్చు.

పడవలాంటి పలచటి చెక్క దొన్నెలో ఎనిమిది ఉండలు, 500 యెన్లు. డబ్బు చేతికివ్వకూడదు, కిటికీ దగ్గర చిన్న పళ్లెంలో పెట్టాలి. పైన తియ్యటి, పుల్లటి నల్ల సాస్, మయోనైజ్, సముద్రపు నాచు పొడి. ఆపైన చిత్రిక పట్టిన చెక్కపొట్టులాంటివి వేసింది. అవి బోనిటో అనే ఎండుచేప పొరలు. వేడి ఆవిరికి అవి మెలికలు తిరుగుతుంటే బతికున్నదేదో కదులుతోందని ఉలిక్కిపడ్డాను.

ఆమె ‘అత్సుయ్, అత్సుయ్’ అంటూనే ఉంది. నేను తలూపి, ఉండను అమాంతం నోట్లో వేసుకున్నాను. పైన గోరువెచ్చన, లోపల కాగే జావ. ఉమ్మడానికి లేదు, మింగడానికి లేదు. అత్సుయ్ అంటే ‘వేడి’ అని అప్పుడు నాలుక చెప్పింది.

పైగా లోపల పిండి ఉడకలేదని నాకో ఫిర్యాదు. మర్నాడు ఆఫీసులో అంటే పక్కసీటాయన నవ్వాడు. లోపల అలా జారుగా ఉంటేనే ఒసాకా టకోయాకి అట. పిండిని నీళ్లతో కాక చేప, నాచు మరిగించిన ‘దాషి’ రసంతో కలుపుతారు, అసలు రుచి అదే. ఈ వంటకం పుట్టిందీ ఆ ఊళ్లోనే. ఐజుయా అనే కొట్టు పెట్టిన ఎండో తొమెకిచి, అంతకుముందు గొడ్డుమాంసం నరాలు వేసి చేసే ఉండల్లో 1935లో ఆక్టోపస్ వేసి అమ్మాడు. పక్కనున్న అకాషి ఊళ్లో అలా వేస్తారని ఎవరో చెప్పారట. ఆ కొట్టు ఇప్పటికీ ఉంది, వాళ్లవి సాస్ లేకుండానే తింటారు.

రెండోసారి పుల్లతో ఉండను చీల్చి, ఆవిరి పోనిచ్చి తిన్నాను. ఆక్టోపస్ ముక్క కోడి కందనకాయలా పంటికి కాస్త ఎదురుతిరుగుతుంది, చుట్టూ మెత్తన. కారం మాత్రం సున్నా. ఒకసారి ఇంటికి తీసుకెళ్లి కారప్పొడి చల్లుకున్నాను, కానీ దారిలోనే చల్లారి ముద్దయిపోయాయి. పార్సిల్ అన్నారు కదా అని మోసుకుపోకండి. కొట్టు పక్కనే నిలబడి తినేసి, దొన్నె అక్కడి చెత్తడబ్బాలోనే వేసేయండి. రోడ్డు మీద ఇంకెక్కడా డబ్బా దొరకదు, నడుస్తూ తింటే అదోలా చూస్తారు కూడా.

శాకాహారులకు ఒక మాట. ‘ఆక్టోపస్ వద్దు’ అంటే సరిపోదు, పిండిలోనే చేప రసం ఉంటుంది, గుడ్డు ఉంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు శనివారం, నీసు ముట్టదు. కిటికీ ముందు నిలబడి, ‘పిండి అట్లా పారబోస్తాదేంరా ఈమె’ అని మాత్రం అంది. తర్వాత సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర వేడి రాళ్ల మీద కాల్చిన గెనుసుగడ్డ కొనిచ్చాను, యాకి ఇమో అంటారు. పాకం పట్టినంత తీపి. తొక్కతో సహా తినేసి, ధర మన రూపాయల్లో ఎంతని అడిగింది. చెప్పాక గదికి చేరేదాకా నాతో మాట్లాడలేదు.