ముందు బ్లాంక్ ట్యూబు పెట్టు, అమ్మడూ

అమ్మడూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు పీహెచ్‌డీ సీటొచ్చిందంట, సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ మీద పనంట. ఆ పేరు నోరు తిరక్క "అదే అక్కా, నువ్వు చేసిందే" అంది. నేను "మంచిది" అని పెట్టేశాను. తర్వాత నిద్ర పడితే ఒట్టు. మూడింటికి లేచి లైటేసుకొని కూర్చున్నా. సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది, రెండూ నీకు చెప్పందే నాకు తెల్లవారదు.

నరం వదిలిన సెరటోనిన్ అనే రసాయనాన్ని మళ్లీ లోపలికి పీల్చుకునే ప్రోటీనే ఆ ట్రాన్స్‌పోర్టర్. నేను పని చేసిన రోజుల్లో దానికి రూపం లేదు. నరం కొస తాను వదిలిన నారడ్రినలిన్ అనే రసాయనాన్ని తానే మళ్లీ పీల్చుకుంటుందని 1961లో యాక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్త వాళ్లు చూపించారు. సెరటోనిన్ సంగతీ అంతేనని తర్వాత తేలింది. కానీ పీల్చుకునేది ఏది? దాని జన్యువు 1991 దాకా ఎవరి చేతికీ చిక్కలేదు. ఇమిప్రమిన్ లాంటి డిప్రెషన్ మందు దానికి అతుక్కుంటుంది కాబట్టి, మందు ఎంత అతుక్కుందో కొలిచి అది ఉందని మేం అనుకునేవాళ్లం. 2016లో మనిషి ట్రాన్స్‌పోర్టర్ నిర్మాణం అచ్చయింది. దాని కడుపులో పరాక్సెటిన్ మందు కూర్చుని ఉంది. అప్పటికి నేను రిటైరై నెల్లూరొచ్చేశాను. ఆ బొమ్మని కంప్యూటర్‌లో అటూ ఇటూ తిప్పి చూస్తూ ఏడ్చాను. ఇంతకాలం చీకట్లో చేత్తో తడిమిన మనిషి మొహం చూసినట్టయింది. ఇప్పుడు నువ్వు ఆ మొహం చూస్తూ పని మొదలుపెడతావు.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తా. ల్యాబ్‌లో పెంచే కణాలకు మైకోప్లాస్మా అనే బాక్టీరియా పట్టిందేమోనని పరీక్ష నెల నెలా చేయించు. కణాల్ని అంటిపెట్టుకునే పాలీలైసిన్ పూయని ప్లేట్లో హెక్ కణాలు, అదే ల్యాబ్‌లో పెంచే మనిషి మూత్రపిండ కణాలు, పెట్టావంటే కడిగేటప్పుడు లేచిపోతాయి. కడిగే బఫర్, అదే ఆ ఉప్పు ద్రావణం, మంచులో ఉండాలి, లేకపోతే నువ్వు కడుగుతున్నా అవి పీలుస్తూనే ఉంటాయి. అప్‌టేక్, అంటే కణం పీల్చుకోవడం, ఎన్ని నిమిషాల దాకా సరళరేఖలో పోతుందో ముందే చూసుకో. సోడియం తీసేసిన బఫర్‌తో ఒక వరస ఎప్పుడూ పెట్టు. సోడియం, క్లోరైడ్ లోపలికి పోతూ సెరటోనిన్‌ని చెయ్యి పట్టుకొని తీసుకుపోతాయి కదా, సోడియం లేనప్పుడు కూడా లోపలికి పోయిందంటే అది నీ ట్రాన్స్‌పోర్టర్ పని కాదు.

గ్లోవ్స్ మాత్రం ఒక్క మాటలో వదిలిపెట్టను.

మా అమ్మ, మీ అమ్మమ్మ, టంగుటూరు దగ్గర పొగాకు రెలుపులకు, అంటే ఆకు తెంపడానికి, పోయేది. మంచు కురిసిన పొద్దున ఆకంతా తడి. ఆ పచ్చాకుని చంకలో పెట్టి, రొమ్ముకి ఆనించుకొని మోస్తే రవిక, చీర తడిసి ఒంటికి అంటుకుపోయేవి. పొద్దెక్కేసరికి తల తిరుగుడు, నోట్లో నీళ్లూరడం, వాంతులు. ఆకు ఆరబెట్టే బ్యారన్ పక్కన వేపచెట్టు కింద కొంగు మొహాన వేసుకొని పడుకునేది. దిష్టి తగిలిందని మా నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. మర్నాడు మళ్లీ పనికే. తడి ఆకులోంచి నికోటిన్ చర్మం గుండా రక్తంలోకి పోతుందనీ, నరాలు వదిలే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కూర్చోవలసిన రిసెప్టర్ మీద అది కూర్చుంటుందనీ ఎమ్మెస్సీలో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. 1905లో కేంబ్రిడ్జిలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త ఈ నికోటిన్‌తోనే, క్యురారే అనే విషంతోనే కండరం మీద ప్రయోగాలు చేసి, కణంలో మందుని అందుకునే పదార్థం ఒకటుండాలన్నాడు. రిసెప్టర్ అనే ఊహకి అదొక పునాది. లాంగ్లీ కనుక్కున్నది మా అమ్మ ఒంటి మీద జరుగుతుంటే మేం ఉప్పు తిప్పాం.

అందుకని చెప్తున్నా. నువ్వు వాడే మందులన్నీ మెదడుని పట్టుకునేవే. చర్మం గోడ కాదు తల్లీ. మందుకి గుర్తుగా పెట్టే ట్రైటియం, అదే రేడియోధార్మిక హైడ్రోజన్, వదిలే కిరణం చర్మం దాటి లోపలికి రాలేదు, నిజమే. కానీ మనం చేత్తో అన్నం కలుపుకొని తినే వాళ్లం. గోటి సందులో పోయింది కడుపులోకి పోతుంది. బల్ల మీద ఒలికిందేమోనని గైగర్ కౌంటర్ పెట్టి చూస్తే అది ట్రైటియాన్ని పట్టుకోదు. తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని సింటిలేషన్ కౌంటర్‌లో, అదే రేడియేషన్ తగిలి పుట్టే మెరుపుల్ని లెక్కపెట్టే యంత్రంలో, పెట్టాలి. ల్యాబ్‌లో టీ తాగావని తెలిసిందో, నేనే రైలెక్కి వస్తా.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

1984. మద్రాసులో నా రీసెర్చి మూడో ఏడు. ఎలుక మెదడు నూరి, మెంబ్రేన్లు, అదే కణాల పొరలు, తీసి, ట్రైటియం ఇమిప్రమిన్ కలిపి, గాజుపీచు ఫిల్టర్ మీద వడగట్టి, ఎంత అతుక్కుందో లెక్కపెట్టడం నా పని. కొన్ని ట్యూబుల్లో డెసిప్రమిన్ అనే అలాంటి ఇంకో మందు ఎక్కువగా పోస్తే ఇమిప్రమిన్‌ని తోసేస్తుంది. తోసేసినంత మేరా అసలు బైండింగ్ అని లెక్క. మోతాదు పెంచుకుంటూ పోతే నాకు గ్రాఫు మీద ఒక గీత కాదు, రెండు గీతలొచ్చాయి. ఒకటి మందు అతుక్కుంటుందని అందరికీ తెలిసిన చోటు. రెండోది కొత్తది! ఎవ్వరూ చెప్పనిది. ఎనిమిది నెలలు ఆ రెండో చోటుతోనే లేచాను, దానితోనే పడుకున్నాను. మెంబ్రేన్ సగం చేసినా బైండింగ్ సగం కాలేదు. అక్కడే నాకు తెలియాలి. నేనేమో "చూశావా, ఎంత గట్టి చోటో" అనుకున్నా.

ఒక సాయంత్రం చివరి మూడు ట్యూబులకి మెంబ్రేన్ చాల్లేదు. ర్యాకు నిండాలని మెంబ్రేన్ బదులు ఉత్త బఫర్ పోశాను. బ్లాంక్ ట్యూబు అంటే అదే. కౌంటర్ రాత్రంతా తిరిగింది. పొద్దున కాగితం చించి చూస్తే, పై మోతాదులో మెదడున్న ట్యూబులు 2,140 కౌంట్ల ప్రాంతం, మెదడు లేనివి 2,060. డెసిప్రమిన్ పోసిన చోట రెండూ ఒకలాగే పడ్డాయి. నిలబడి చూస్తూ ఉండిపోయాను. నా కొత్త రిసెప్టర్ ఎలుకలో లేదు, ఫిల్టర్లో ఉంది. గాజుకి రుణావేశం, మందుకి ధనావేశం. అతుక్కుంటుంది, నిండితే ఆగుతుంది, ఇంకో మందొస్తే తప్పుకుంటుంది. రిసెప్టర్ చేసే పనులన్నీ గాజు చేసింది.

ఆ తప్పు ఎవరైనా చేస్తారు. తర్వాత చేసింది మాత్రం నాదే. ఆ రాత్రి హాస్టల్లో నోటుబుక్కు తీసి, ఆ మూడు ట్యూబుల లెక్కలున్న రెండు పేజీలని అన్నం మెతుకులతో అతికించేశాను. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే వెళ్లేదాన్ని, కొత్త ట్యూబులు పెట్టేదాన్ని, వాటిలో బ్లాంక్ పెట్టేదాన్ని కాదు. మా అమ్మ పొగాకు డబ్బులతో చదివినదాన్ని, ఎనిమిది నెలలు గాజుని కొలిచానని ఏ మొహంతో చెప్పను?

చివరికి ఒంట్లో బాగోలేక మా గైడ్ గారి గదిలో కూర్చొని ఏడుస్తూ చెప్పాను. ఆయన తిట్టలేదు. నోటుబుక్కు తెమ్మన్నారు. స్టవ్ మీద నీళ్లు కాచి ఆవిరి పట్టించి ఆ పేజీలు ఆయనే విడదీశారు. "తేదీ ఉంది కదమ్మా, సంతకం పెట్టు" అన్నారు. అంతే. తర్వాత ఫిల్టర్లని ధనావేశమున్న పాలీఎథిలీన్‌ఇమైన్‌లో నానబెట్టి వాడాం. రెండో గీత మాయమైపోయింది. మొదటిది మిగిలింది, చిన్నది, నిజమైనది. థీసిస్ రెండేళ్లు వెనక్కి పోయింది.

నీకు ఫిల్టర్ ఉండకపోవచ్చు. నీ ఖాళీ ట్యూబు ట్రాన్స్‌పోర్టర్ జన్యువు లేని ప్లాస్మిడ్, అదే జన్యువుని కణంలోకి మోసే డీఎన్ఏ చుట్ట, ఎక్కించిన కణం. మొదటి రోజు, మొదటి ప్లేటులో అది ఉండాలి, బాగా వచ్చిన రోజున కూడా ఉండాలి. ఒక అమైనో ఆమ్లం మార్చావు, పీల్చడం తగ్గిందనుకో, వెంటనే ఎగిరి గంతెయ్యకు. ప్రోటీన్ పని చెయ్యడం లేదా, అసలు పొర మీదికే రాలేదా? పొర మీద ఎంతుందో కొలిచిందాకా నీకు తెలీదు. గ్రాఫు మరీ అందంగా వస్తే ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతా.

తప్పు కనిపించిన రోజునే చెప్పెయ్యి తల్లీ. ఎవరికీ చెప్పలేకపోతే నాకు చెప్పు. ఆ మూడు వారాల్లో నేను ఐదు కేజీలు తగ్గాను. అది నీకొద్దు. చిన్నప్పుడు ఇంక్ ఒలకబోసి మంచం కింద దూరినదానివి నువ్వు, నా భయమంతా అదే.

మీ మామయ్య ఆదివారం పినాకినిలో వస్తున్నాడు. కందిపొడి, మామిడికాయ పచ్చడి, నా నోటుబుక్కు ఇచ్చి పంపుతున్నా. పచ్చడి సీసా నోటుబుక్కు పక్కన పెట్టొద్దని వాడికి చెప్పాను. 41, 42 పేజీలు మెల్లిగా తిప్పు, అంచులు చిరిగి ఉంటాయి. మెతుకుల మరక ఇంకా పోలేదు.

మీ పెద్దమ్మ