బయోకెమిస్ట్రీయా, మైక్రోబయాలజీయా: ప్రాక్టికల్స్ జాబితా చూశారా?

డిగ్రీలో బయోకెమిస్ట్రీ తీసుకోవాలా, మైక్రోబయాలజీ తీసుకోవాలా అని అడుగుతూ, రెండిటి సిలబస్ ఒకేలా ఉందని రాశారు. మీరు పోల్చింది మొదటి ఏడాది పేపర్లు అయ్యుంటాయి. కణం, డీఎన్‌ఏ, ప్రొటీన్లు రెండిట్లోనూ వస్తాయి. అసలు తేడా తర్వాత మొదలవుతుంది.

1. రెండిటి చివరి ఏడాది సిలబస్ పక్కపక్కన పెట్టుకోండి.

2. థియరీ పక్కన పెట్టి ప్రాక్టికల్స్ జాబితా చదవండి. చాలామంది వదిలేసేది ఇదే. బయోకెమిస్ట్రీలో ఎంజైమ్ వేగం కొలిచి, గ్రాఫ్ గీసి, 1913 నాటి మైకేలిస్–మెంటెన్ సమీకరణంతో (ఎంజైమ్ పనిచేసే పదార్థం గాఢతను బట్టి దాని వేగం ఎంతో చెప్పే సూత్రం) లెక్క కడతారు. మైక్రోబయాలజీలో లూప్‌ను (కొన గుండ్రంగా వంచిన తీగ) మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక దాంతో బ్యాక్టీరియాను తీసుకుని పోషకాలున్న ప్లేటు మీద గీతలు గీసి, మర్నాడు కాలనీల (పెరిగిన బ్యాక్టీరియా గుంపుల) కోసం చూస్తారు. గ్రామ్ స్టెయిన్‌లో (రంగులు వేసి బ్యాక్టీరియాను రెండు రకాలుగా గుర్తించే పరీక్ష) రంగు కడిగే ఆల్కహాల్ కాస్త ఎక్కువసేపు ఉంటే ఊదాగా కనిపించాల్సిన బ్యాక్టీరియా గులాబీ రంగులోకి మారిపోతుంది. అంత జాగ్రత్త కావాలి.

3. ఈ రెండు పనుల్లో ఏది గంటల తరబడి విసుగు లేకుండా చేయగలరో అదే తీసుకోండి. కెమిస్ట్రీ, లెక్కలు ఇష్టమైతే నేను బయోకెమిస్ట్రీయే చెబుతాను.

4. పీజీ ఆలోచన ఉంటే, మీరు అనుకుంటున్న కోర్సు ఏ డిగ్రీ అడుగుతోందో ఫీజు కట్టకముందే చూసుకోండి.